నేతగాని కుమారుడు ఆండ్రూ కార్నెగీ

పుట్టిన ఊరిని విడిచి, పొట్ట చేతపట్టుకొని పరాయి నేలకు తరలిపోయిన కుటుంబాల కథ మానవజాతి చరిత్ర అంత ప్రాచీనమైనది. కరవుకాటకాల వల్ల కొందరు, యుద్ధాల వల్ల కొందరు, తరతరాలుగా అన్నం పెట్టిన కులవృత్తి చితికిపోవడం వల్ల మరికొందరు వలస బాట పడతారు. తెలంగాణలోని చేనేత పల్లెల నుండి ఎన్నో కుటుంబాలు షోలాపూరుకు, భివండికి తరలిపోయిన సంగతి మనం ఎరిగినదే. అయితే వలస వెళ్లిన కుటుంబంలోని వారందరూ ఒకేనాడు బయలుదేరినా, ఆ కొత్త దేశంలో అందరూ ఒకేనాడు కుదురుకోలేరు. పిల్లలు త్వరగా కుదురుకొంటారు. పెద్దలలో కొందరికి ఆ భాగ్యం జీవితాంతం లభించదు. ప్రపంచంలోని అత్యంత ధనవంతులలో ఒకడుగా పేరుపొందిన ఆండ్రూ కార్నెగీ జీవితం ఈ సత్యానికి ఒక నిదర్శనం.

ఆండ్రూ కార్నెగీ 1835 నవంబరు 25న స్కాట్లాండులోని డన్ఫర్మ్‌లిన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి విలియం, తల్లి మార్గరెట్. విలియం చేనేత కార్మికుడు. పూల అల్లికలతో కూడిన సన్నని నారబట్టలు నేయడంలో ఆ పట్టణం పేరెన్నిక గన్నది. కార్నెగీల ఇల్లు చాలా చిన్నది. కింద గదిలో మగ్గం ఉండేది. పైనున్న చిన్న గదిలోనే వంట, నిద్ర, సంసారం సాగేవి. మగ్గం చప్పుడు వింటూ ఆండ్రూ పెరిగాడు. పనులు బాగా సాగిన రోజులలో విలియం నాలుగు మగ్గాలు నడిపేవాడు. ఆయన పనివాడే కాక ఆలోచనాపరుడు కూడా. సామాన్యులకు ఓటుహక్కు కావాలని ఆనాడు బ్రిటనులో సాగిన చార్టిస్టు ఉద్యమంలో ఆయన పాల్గొన్నాడు. మార్గరెట్ పుట్టింటివారు సైతం రాజకీయ చైతన్యం కలవారే.

ఆ పట్టణంలో పిటెన్‌క్రీఫ్ అనే అందమైన వనం ఒకటి ఉండేది. దాని యజమానికీ, మార్గరెట్ పుట్టింటివారికీ మధ్య వైరం ఉన్నందున వారి వంశీయులెవరూ ఆ వనంలో అడుగు పెట్టకూడదనే నిషేధం అమలులో ఉండేది. ఏడాదిలో ఒకరోజు పట్టణ ప్రజలకు అందులో ప్రవేశం లభించినప్పుడు కూడా ఆండ్రూ గోడ వెలుపలే నిలబడవలసి వచ్చేది. ఆ గోడను బాలుడు మరచిపోలేదు.

అంతలో కాలం మారింది. ఆవిరితో నడిచే మరమగ్గాలు వచ్చాయి. ఒక నేతగాడు రోజుల తరబడి నేసే బట్టను యంత్రం అతి త్వరగా, అతి చౌకగా నేయసాగింది. విలియం మగ్గాలు ఒక్కొక్కటిగా మూగబోయాయి. ఒకనాడు ఆయన నేసిన బట్టను వర్తకునికి అప్పగించి వచ్చి, ఇక తనకు పని దొరకదని ఇంటిలో చెప్పాడు. పని చేయగల చేతులుండి, పని చేయాలనే మనసుండి, పని కోసం ప్రాధేయపడవలసి వచ్చిన తండ్రి ముఖాన్ని చూసి, పెద్దవాడైన తరువాత ఈ దారిద్ర్యాన్ని రూపుమాపాలని ఆ బాలుడు నిశ్చయించుకొన్నాడు. మార్గరెట్ ఇంటిలోనే చిన్న అంగడి తెరిచి కుటుంబాన్ని లాక్కొచ్చింది. కాని అది ఎన్నాళ్లు?

మార్గరెట్ అక్కచెల్లెళ్లు కొందరు అప్పటికే అమెరికాకు వెళ్లి స్థిరపడ్డారు. వారున్న చోటికి పోవాలని ఆమె పట్టుబట్టింది. వయసు మీరుతున్న తమకోసం కాదు, ఇద్దరు కొడుకుల కోసం ఈ ప్రయాణమని దంపతులు భావించారు. మగ్గాలను, ఇంటి సామగ్రిని వేలం వేశారు. వాటికి వచ్చిన ధర నామమాత్రమే. ఓడ ఖర్చులకు ఇంకా ఇరవై పౌండ్లు తక్కువయ్యాయి. మార్గరెట్ స్నేహితురాలు ఆ సొమ్మును అప్పుగా ఇచ్చి ఆదుకొంది. 1848లో తల్లిదండ్రులు, పన్నెండేళ్ల ఆండ్రూ, నాలుగేళ్ల టామ్ గ్లాస్గో రేవులో ఓడ ఎక్కారు. అట్లాంటిక్ మహాసముద్రం మీద ఏడు వారాలు ప్రయాణించి న్యూయార్క్ చేరారు. అక్కడి నుండి కాలువల మీద, సరస్సుల మీద పడవలలో మరో మూడు వారాలు సాగి పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్ నగరానికి వచ్చారు. నదికి ఆవలి ఒడ్డున ఉన్న అలెగెనీ పట్టణంలో, బంధువుల ఇంటి వెనుక ఉన్న రెండు గదులలో కాపురం పెట్టారు.

ఆ గదుల కిందనే ఒక మగ్గం ఉంది. విలియం దాని ముందు కూర్చొన్నాడు. వేల మైళ్లు దాటి వచ్చినా ఆయనకు తెలిసినది ఆ ఒక్క విద్యే. బల్లల మీద పరిచే గుడ్డలను తానే నేసి, తానే భుజాన వేసుకొని ఇంటింటికీ తిరిగి అమ్మేవాడు. రాబడి అంతంత మాత్రమే. మార్గరెట్ మాత్రం వెనుకాడలేదు. ఇంటి పనులన్నీ చక్కబెట్టుకొంటూనే చెప్పులు కుట్టే పొరుగువాని వద్ద నుండి బూట్ల తోలు తెచ్చి రాత్రి పొద్దుపోయే దాకా కుట్టేది. వారానికి నాలుగు డాలర్లు సంపాదించేది. చిన్నవాడు టామ్ తల్లి పక్కన కూర్చొని సూదులలో దారం ఎక్కించేవాడు.

కొంతకాలానికి విలియం మగ్గం విడిచి ఒక నూలుమిల్లులో పనికి కుదిరాడు. ఆండ్రూకు కూడా అక్కడే దారపు కండెలు అందించే పని దొరికింది. కూలి వారానికి ఒక డాలరు ఇరవై సెంట్లు. తండ్రీకొడుకులు చీకటితోనే లేచి, తెల్లవారక ముందే మిల్లుకు చేరి, చీకటి పడిన తరువాత ఇంటికి వచ్చేవారు. చలికాలంలో వారికి సూర్యుడు కనిపించడమే అరుదు. అయినా మొదటి వారం కూలి తల్లి చేతిలో పెట్టినప్పుడు కలిగిన ఆనందం, కోట్ల డాలర్లు ఆర్జించిన తరువాత కూడా తనకు కలగలేదని కార్నెగీ చెప్పుకొనేవాడు. విలియం మాత్రం మిల్లులో ఎంతోకాలం ఇమడలేకపోయాడు. గంట కొడితే రావడం, గంట కొడితే పోవడం స్వతంత్రుడైన ఆ పనివానికి చేతకాలేదు. ఆయన మళ్లీ మగ్గం దగ్గరకే వెళ్లాడు. కొడుకు మాత్రం యంత్రాల లోకంలోనే ఉండిపోయాడు. తండ్రీకొడుకుల దారులు వేరైనది ఇక్కడే.

తరువాత ఆండ్రూ మరొక కర్మాగారంలో చేరాడు. అక్కడ నేలమాళిగలో ఒంటరిగా నిలబడి చిన్న ఆవిరి యంత్రానికి నిప్పు వేయడం అతని పని. బాయిలరు పేలుతుందేమోనని నిద్రలో కూడా ఉలిక్కిపడి లేచేవాడు. నూనె తొట్లలో కండెలు ముంచే పని చేసినప్పుడు ఆ వాసనకు కడుపులో తిప్పేది. కాని ఆ కష్టాలను తల్లిదండ్రులకు చెప్పేవాడు కాదు. వారి కష్టాలు వారికున్నాయని ఆ పిల్లవాడు గ్రహించాడు. అంతేకాక, పగలు పనిచేసి, రాత్రులు నగరానికి పోయి జమాఖర్చుల లెక్కలు నేర్చుకొన్నాడు.

ఇంతలో పిట్స్‌బర్గ్ తంతి కార్యాలయంలో వార్తలు చేరవేసే కుర్రవాడు కావాలని తెలిసింది. వారానికి రెండున్నర డాలర్లు. తండ్రి వెంట రాగా ఆండ్రూ అలెగెనీ నుండి నడిచి వెళ్లాడు. కార్యాలయం గుమ్మం వద్దకు చేరగానే తండ్రిని వీధిలోనే ఉండమని చెప్పి, తానొక్కడే మెట్లెక్కి అధికారిని కలుసుకొన్నాడు. ఎందుకు? కొత్త ఊరి పిల్లలు మొదట్లో ఆండ్రూను స్కాచివాడని ఎగతాళి చేసేవారు. క్రమంగా అతని మాటలోని స్కాట్లాండు యాస కొంత అరిగిపోయింది. తాను అమెరికా వాడినయ్యానని అతనికి లోలోపల గర్వం కలిగింది. యాస మారని, వేషం మారని తండ్రి పక్కన ఉంటే ఆ గర్వం నిలవదేమోనని భయపడ్డాడు. ఉద్యోగం దొరికింది. కాని తండ్రి మాత్రం ఆ కొద్దిసేపూ వీధిలోనే నిలబడ్డాడు. ఈ సంగతిని కార్నెగీ దాచుకోలేదు. వృద్ధాప్యంలో తన ఆత్మకథ రాసుకొన్నప్పుడు స్వయంగా వెల్లడించాడు. వలస వచ్చిన ప్రతి ఇంటిలోనూ ఏదో ఒకనాడు ఇటువంటి గుమ్మం ఎదురవుతుంది. ఎక్కే కొడుకు, కింద నిలబడే తండ్రి, ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేము.

కొత్త ఉద్యోగంలో ఆండ్రూ శ్రద్ధాసక్తులు చూపాడు. నగరంలోని వీధులన్నింటినీ, అందులోని వ్యాపార సంస్థల పేర్లన్నింటినీ వరుసగా కంఠస్థం చేశాడు. ప్రముఖులను ముఖం చూసి గుర్తుపట్టి వీధిలోనే వార్త అందించేవాడు. తీరిక దొరికినప్పుడు తంతి యంత్రం శబ్దాలను గమనించి, కాగితం మీది గుర్తులు చూడకుండా చెవితో విని వార్తను గ్రహించడం నేర్చాడు. అప్పటికి ఆ నేర్పు బహు కొద్దిమందికే ఉండేది. త్వరలోనే నెలకు ఇరవై అయిదు డాలర్ల జీతంతో తంతి ఉద్యోగి అయ్యాడు. అతనికి వేసవి దుస్తులు ఒక్క జతే ఉండేవి. ప్రతి శనివారం రాత్రి అతడు ఎంత ఆలస్యంగా వచ్చినా తల్లి వాటిని ఉతికి, ఇస్త్రీ చేసి ఆదివారం ఉదయానికి సిద్ధం చేసేది.

చదువుకొనే వయసులో బడికి దూరమైన ఆండ్రూకు పుస్తకాలే గురువులయ్యాయి. అలెగెనీలో కర్నల్ జేమ్స్ ఆండర్సన్ అనే ఉదారుడు తన వద్దనున్న నాలుగు వందల గ్రంథాలను పనిచేసే పిల్లల కోసం తెరిచి ఉంచాడు. ప్రతి శనివారం ఒక పుస్తకం తీసుకొని, మరుసటి శనివారం తిరిగి ఇవ్వవచ్చు. కొంతకాలానికి ఆ గ్రంథాలయంలో నిబంధనలు మారాయి. చేతిపనులు నేర్చేవారికి మాత్రమే ఉచితమనీ, తంతి కార్యాలయంలో పనిచేసే పిల్లలు రెండు డాలర్ల చందా చెల్లించాలనీ నిర్వాహకులు చెప్పారు. పదిహేడేళ్ల ఆండ్రూ 1853లో ఒక స్థానిక పత్రికకు లేఖ రాశాడు. దాత ఉద్దేశం శ్రమించే పిల్లలందరికీ విద్య అందించడమే కదా అని వాదించాడు. నిబంధన సడలింది. తనకు సంపద చేకూరితే ఇటువంటి వసతిని ఇతర బాలురకు కల్పించాలనే సంకల్పం అప్పుడే అతనిలో అంకురించింది.

1853లోనే పెన్సిల్వేనియా రైల్వే అధికారి థామస్ స్కాట్ ఆండ్రూ చురుకుదనాన్ని గమనించి నెలకు ముప్పై అయిదు డాలర్ల జీతంతో తన వద్ద చేర్చుకొన్నాడు. కుటుంబం నెమ్మదిగా నిలదొక్కుకొంటున్న కాలమది. ఒకసారి విలియం తాను నేసిన గుడ్డలు అమ్మడానికి ఓహియో నది మీద పడవలో దూరప్రాంతానికి బయలుదేరాడు. పని మీద వెళ్లిన ఆండ్రూ ఆయనను కలుసుకొన్నాడు. గది అద్దెకు డబ్బు వెచ్చించడం ఇష్టం లేక తండ్రి రాత్రంతా పడవ పైతట్టు మీద ఆరుబయట గడపడానికి సిద్ధమయ్యాడని తెలిసి అతని మనసు కలిచివేసింది. త్వరలోనే తల్లిదండ్రులిద్దరూ సొంత గుర్రపుబండిలో తిరిగే రోజు వస్తుందని తండ్రికి ధైర్యం చెప్పాడు. మితభాషి అయిన విలియం కొడుకు చేయి పట్టుకొని, అతన్ని చూసి తాను గర్విస్తున్నానని మెల్లగా అన్నాడు. ఆ బండి ఎక్కే యోగం ఆయనకు లేకపోయింది. 1855లో విలియం కన్నుమూశాడు. వచ్చిన దేశంలో ఆయన గడిపినది ఏడేళ్లు. ఆ ఏడేళ్లూ ఆయన నేతగాడుగానే జీవించాడు.

కొడుకు వేగంగా ఎదిగాడు. 1859లో, ఇరవై నాలుగేళ్లకే, రైల్వే పిట్స్‌బర్గ్ విభాగానికి పర్యవేక్షకుడయ్యాడు. పొదుపు చేసిన సొమ్మును లాభసాటి సంస్థలలో పెట్టుబడి పెట్టాడు. 1865లో రైల్వే ఉద్యోగం విడిచి ఇనుప వంతెనల నిర్మాణం వంటి వ్యాపారాలలో ప్రవేశించాడు. కొయ్య వంతెనల స్థానంలో ఇనుప వంతెనలు, ఇనుప పట్టాల స్థానంలో ఉక్కు పట్టాలు రాబోతున్నాయని ముందుగా గుర్తించాడు. బ్రిటనులో బెస్సెమర్ పద్ధతిలో ఉక్కు తయారయ్యే తీరును పరిశీలించి, 1875లో బ్రాడాక్ వద్ద గొప్ప ఉక్కు కర్మాగారాన్ని నడిపించాడు. కొత్త యంత్రం వస్తే పాతదానిని నిర్దాక్షిణ్యంగా తొలగించేవాడు. ఖర్చు పైసా పైసా లెక్కించేవాడు. పాత పనిముట్టును పట్టుకొని వేలాడిన తండ్రికి ఏమైందో చూసిన కొడుకు నేర్చిన పాఠమది.

అయితే అదే పాఠం ఆయన జీవితంలో చెరగని మచ్చకు కూడా కారణమయింది. 1886లో కార్నెగీ కార్మిక సంఘాల హక్కును సమర్థిస్తూ, సమ్మె చేసేవారి పనిని ఇతరులు లాక్కోవడం తగదని వ్యాసాలు రాశాడు. కాని 1892లో హోమ్‌స్టెడ్ లోని ఆయన ఉక్కు కర్మాగారంలో కూలి తగ్గింపు గురించి వివాదం చెలరేగినప్పుడు, ఆయన స్కాట్లాండులో విశ్రాంతి తీసుకొంటూ వ్యవహారమంతా భాగస్వామి హెన్రీ ఫ్రిక్‌కు విడిచిపెట్టాడు. సంఘాన్ని తొలగించాలనే ఫ్రిక్ నిర్ణయానికి ఆయన సమ్మతి ఉంది. కర్మాగారం మూతపడింది. జూలై 6న ప్రైవేటు సాయుధ సిబ్బంది మూడు వందల మంది పడవలలో రాగా కార్మికులు అడ్డుకొన్నారు. కాల్పులలో ఇరుపక్షాల వారు దాదాపు పదిమంది మరణించారు. చివరకు సైన్యం వచ్చింది, సంఘం ఛిన్నాభిన్నమయింది. రోజుకు పన్నెండు గంటల పని మిగిలింది. ఆ కొలుముల ముందు చెమటోడ్చినవారిలో ఎందరో తూర్పు ఐరోపా దేశాల నుండి వలస వచ్చినవారు. కార్నెగీల వలెనే పిల్లల మేలు కోరి సముద్రం దాటినవారు. వ్యాపార జీవితంలో తనకు తగిలిన గాయాలలో మానని గాయం ఇదొక్కటేనని కార్నెగీ తరువాత ఒప్పుకొన్నాడు. కాని తండ్రి పని కోల్పోయినప్పుడు పడిన బాధ తెలిసినవాడే ఆ పని చేయించాడన్న విమర్శ నేటికీ వినిపిస్తూనే ఉంది.

తల్లిని ఆయన దైవంగా భావించాడు. 1881లో ఆమెను వెంటబెట్టుకొని బ్రిటనుకు వెళ్లి, నాలుగు గుర్రాల బండిలో ఇంగ్లండు దక్షిణ తీరం నుండి స్కాట్లాండు వరకు ప్రయాణించాడు. తండ్రికి ఇచ్చిన మాట ఆ విధంగా సగం నెరవేరింది. ఒకనాడు అప్పు చేసి వీడిన డన్ఫర్మ్‌లిన్‌లో ఆ తల్లి తన కొడుకు కానుకగా ఇస్తున్న గ్రంథాలయానికి శంకుస్థాపన చేసింది. 1886లో తమ్ముడు టామ్, ఆ వెంటనే తల్లి మరణించారు. ఆమె జీవించినంత కాలం పెండ్లాడని కార్నెగీ మరుసటి ఏడు లూయీస్ విట్‌ఫీల్డ్‌ను వివాహమాడాడు. వారికి కలిగిన ఏకైక కుమార్తెకు తన తల్లి పేరు పెట్టుకొన్నాడు.

1889లో ఆయన సంపదను గురించి ప్రసిద్ధమైన వ్యాసం రాశాడు. మిగులు ధనం సమాజానిదేననీ, ధనికుడు దానికి ధర్మకర్త మాత్రమేననీ, బ్రతికి ఉండగానే దానిని ప్రజల మేలుకు వినియోగించాలనీ అందులో ప్రతిపాదించాడు. 1901లో తన ఉక్కు సంస్థను నలభై ఎనిమిది కోట్ల డాలర్లకు విక్రయించి, శేషజీవితాన్ని దానాలకు అంకితం చేశాడు. మరణించేనాటికి దాదాపు ముప్పై అయిదు కోట్ల డాలర్లు పంచిపెట్టాడు. విశ్వవిద్యాలయాలకు, పరిశోధనలకు, ప్రపంచశాంతికి నిధులు నెలకొల్పాడు. వాటన్నింటికంటె జనం మనసులో నిలిచినవి గ్రంథాలయాలు. వివిధ దేశాలలో ఆయన ధనంతో 2,509 గ్రంథాలయాలు వెలిశాయి. వాటిలో పెక్కు అమెరికాలోనివి. ఊరివారు స్థలం ఇవ్వాలి, నిర్వహణకు ఏటా భవన వ్యయంలో పదోవంతు కేటాయించాలి, అప్పుడే ఆయన భవనం కట్టించేవాడు. ఊరు తనదిగా భావించని గ్రంథాలయం నిలువదని ఆయన నమ్మకం. పన్నెండు గంటలు కొలిమి ముందు నిలిచినవారికి ఆ పుస్తకాలు చదివే ఓపిక ఎక్కడిదని ప్రశ్నించినవారూ ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆ భవనాల మెట్లెక్కి జీవితాన్ని దిద్దుకొన్న పేదపిల్లలు లెక్కకు మిక్కిలి అన్నదీ సత్యమే.

బాల్యంలో తనను లోపలికి రానీయని పిటెన్‌క్రీఫ్ వనాన్ని కార్నెగీ 1902లో కొనుగోలు చేశాడు. దానిని తనకోసం ఉంచుకోక డన్ఫర్మ్‌లిన్ ప్రజలకు, ముఖ్యంగా పిల్లలకు బహూకరించాడు. 1904లో అలెగెనీలో కర్నల్ ఆండర్సన్ స్మారక చిహ్నాన్ని ప్రతిష్ఠించి ఋణం తీర్చుకొన్నాడు. 1919 ఆగస్టు 11న, ఎనభై మూడేళ్ల వయసులో, అమెరికాలోని లెనాక్స్ పట్టణంలో పరమపదించాడు.

గ్రంథాలయాలు నిర్మించసాగిన చాలాకాలం తరువాత కార్నెగీకి ఒక విషయం తెలిసింది. పూర్వం డన్ఫర్మ్‌లిన్‌లో అయిదుగురు నేతగాండ్రు తమ ఇళ్లలోని కొద్దిపాటి పుస్తకాలను ఒకచోట చేర్చి, ఆ ఊరికి మొట్టమొదటి గ్రంథాలయాన్ని ఏర్పరిచారట. ఆ అయిదుగురిలో విలియం కార్నెగీ ఒకడు. కొత్త దేశంలో ఇమడలేక, మగ్గం విడువలేక, ఓడిపోయినవాడుగా లోకం భావించిన ఆ తండ్రి వేసిన దారిలోనే తాను తెలియకుండా నడిచానని కొడుకు గ్రహించి ఎంతో సంతోషించాడు. వలస వెళ్లిన కుటుంబంలో ముందుకు సాగినవారి పేర్లను లోకం గుర్తుంచుకొంటుంది. వారు మెట్లెక్కుతున్నప్పుడు వీధిలో నిలబడినవారిని మనం గుర్తుంచుకోవాలి.